పిప్పలాదుడు అడిగిన సంవత్సరం

విశాఖపట్నం నుండి అరకులోయకు సాగే రైలుమార్గంలో శృంగవరపుకోట, బొడ్డవర దాటిన తరువాత మైదానం క్రమంగా వెనుకబడుతుంది. శివలింగపురం వద్ద కొండలు దారికి అడ్డు నిలుస్తాయి. ఆపైన సొరంగాలు, లోయలు. తరువాతి స్టేషను టైడా. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయటానికి 1960వ దశకంలో నిర్మితమైన మార్గమిది. బొర్రా గుహలలోని శివలింగాన్ని దర్శించబోయే భక్తులకు టైడా అంటే కిటికీలోంచి కనిపించే ఒక పచ్చని మజిలీ. అక్కడి శిశువుకు అదే సమస్త లోకం.

అనంతగిరి, అరకు ప్రాంతపు ఈ కొండపల్లెలలో కొండదొరలు, భగతలు, వాల్మీకులు, కోదులు, గదబలు, పోర్జలు నివసిస్తారు. కోదుల ఇంట కువి వినిపిస్తుంది. కొన్ని గూడేలలో ఆదివాసీ ఒడియా, కొన్నింట కొండభాష. సంతలో ఇవన్నీ కలిసిపోతాయి. బడిలో మాత్రం తెలుగు ఒక్కటే. ఐదారేళ్ళ బాలుడు ఇంటి నుండి బడికి నడిచే దూరం మైలుకు మించకపోవచ్చు. ఆ మైలు చివర అతనికి ఎదురయ్యే మాట, అంకెల పేర్లు, ప్రార్థన, కథ, అన్నీ పరదేశానివే. రాజ్యాంగదృష్ట్యా అతడు స్వదేశీయుడు. విద్యాదృష్ట్యా చూస్తే, అనుమతిపత్రం అక్కరలేని విదేశీ విద్యార్థి.

ఇటువంటి విద్యార్థి కోసం నేటి ప్రపంచంలో ఒక ఏర్పాటు ఉంది. బ్రిటన్ విశ్వవిద్యాలయాలు దానిని ఫౌండేషన్ ఇయర్ అంటాయి. అక్కడి పాఠశాల విద్య పదమూడేళ్ళు. పన్నెండేళ్ళ చదువుతో వచ్చిన పరదేశీయునికి లోటుగా ఉన్న ఆ ఏడాదిని భాషతో, విషయపరిచయంతో, అక్కడి అధ్యయనరీతితో పూరించి పట్టభద్రవిద్యలోకి పంపుతారు. జర్మనీలో స్టూడియన్‌కొల్లెగ్ ఇదే పని చేస్తుంది. చివర ఒక అర్హతా పరీక్ష. మన హైదరాబాదులో 1958లో నెలకొని నేడు ఇఫ్లూగా ప్రసిద్ధమైన భాషావిశ్వవిద్యాలయం విదేశీయులకు ఆంగ్లశిక్షణ ఇస్తూ వచ్చింది. టైడా దిగువన, అదే రైలు దిగే విశాఖలో, 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆసియా, ఆఫ్రికా దేశాల విద్యార్థులు చదువుతున్నారు.

ఈ సన్నాహసంవత్సరం ఆధునిక విశ్వవిద్యాలయాల కల్పన అనిపించటం సహజం. అయితే ఈ భావనకు భారతదేశంలో సుదీర్ఘచరిత్ర ఉంది. ఆ చరిత్రను పరిశీలిస్తే నేటి విద్యావిధానం సాధారణంగా వేయని ప్రశ్న ఒకటి అందులో ఎదురవుతుంది: ఆ ఒక్క సంవత్సరంలో సిద్ధపడవలసినది ఎవరు? వచ్చినవాడా, ఆహ్వానించినవాడా?

అథర్వవేదాంతర్గతమైన ప్రశ్నోపనిషత్తు ఒక ప్రవేశసన్నివేశంతోనే ఆరంభమవుతుంది. భారద్వాజుడైన సుకేశుడు, శైబ్యుడైన సత్యకాముడు, సౌర్యాయణి గార్గ్యుడు, ఆశ్వలాయనుడైన కౌసల్యుడు, విదర్భదేశీయుడైన భార్గవుడు, కాత్యాయనుడైన కబంధి, ఈ ఆరుగురూ సమిధలు చేతబూని పిప్పలాద మహర్షిని ఆశ్రయిస్తారు. వీరు అక్షరాభ్యాసానికి వచ్చినవారు కారు. బ్రహ్మపరులు, బ్రహ్మనిష్ఠులు అని ఉపనిషత్తే వారిని పేర్కొంటుంది. నేటి పరిభాషలో చెప్పాలంటే అర్హతాపత్రాలన్నీ సక్రమంగా ఉన్నవారు. అయినప్పటికీ మహర్షి తక్షణం బోధించడు. తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో మరొక సంవత్సరం తన వద్ద నివసించమంటాడు. ఆ తరువాత ఇష్టమైన ప్రశ్నలు అడగవచ్చు. తనకు తెలిసినట్లయితే సర్వమూ చెబుతానంటాడు.

ఈ చివరి షరతును వ్యాఖ్యాతలు గురువు యొక్క వినయానికి నిదర్శనంగా గ్రహించారు. అది సత్యమే. కానీ అందులో మరొక అంశమూ ఉంది. ఆ ఏడాది శిష్యులకు నియమం విధించిన మహర్షి తన విషయంలో కూడా ఒక నియమాన్ని అంగీకరించాడు. ప్రశ్న ఏదో ముందే నిర్ణయించలేదు. ఏది అడిగినా తనకు తెలిసే తీరుతుందని ప్రకటించలేదు. ఆరుగురితో ఒకే అగ్ని చుట్టూ ఆరు ఋతువులు గడిపిన తరువాత కానీ ఎవరి సంశయం ఎంత లోతుదో గురువుకైనా ఎలా తెలుస్తుంది?

ఉపనిషత్తులోని ఒక చిన్న విశేషం ఇక్కడ గమనార్హం. ఆశ్రమానికి వచ్చినవారి పేర్లు చెప్పిన వరుసలో సుకేశుడు మొదటివాడు, కబంధి చివరివాడు. ఏడాది ముగిసి ప్రశ్నలు ఆరంభమైనప్పుడు కబంధి మొదట లేస్తాడు. ప్రజలు ఎక్కడి నుండి పుట్టారని అడుగుతాడు. తరువాత భార్గవుడు, కౌసల్యుడు, గార్గ్యుడు, సత్యకాముడు. సుకేశుడు అందరికంటె చివర. వరుస సంపూర్ణంగా తలక్రిందులైంది. సృష్టి నుండి ప్రాణానికి, ప్రాణం నుండి స్వప్నసుషుప్తులకు, ఓంకారానికి, చివరికి షోడశకళాపురుషునికి ప్రశ్నలు ఆరోహణక్రమంలో సాగుతాయి. ఈ విపర్యయానికి కారణాన్ని ఉపనిషత్తు చెప్పదు. ముందుగా వచ్చినవాడు తన ప్రశ్నను చివరి వరకు నిలుపుకోగలగటమే ఆ సంవత్సరం ఇచ్చిన శిక్షణ అని భావించటంలో దోషం లేదు.

సుకేశుని ఆరవ ప్రశ్నకు పూర్వకథ ఉంది. కోసలరాజపుత్రుడైన హిరణ్యనాభుడు రథంపై వచ్చి షోడశకళలుగల పురుషుని ఎరుగుదువా అని అతనిని అడిగాడు. ఎరుగనని సుకేశుడు చెప్పాడు. ఎరిగియుంటే చెప్పకుండునా అన్నాడు. అసత్యం పలికినవాడు సమూలంగా ఎండిపోతాడన్నాడు. రాజపుత్రుడు మౌనంగా రథమెక్కి వెళ్ళిపోయాడు. సుకేశుడు పిప్పలాదుని వద్దకు విద్యార్థిగా రాకముందు, తెలియనిదాన్ని తెలియదని చెప్పిన ఆచార్యుడన్నమాట. శిష్యుడు మోసుకొచ్చిన ఆ సత్యవ్రతమూ, గురువు పెట్టిన తెలిసినట్లయితే అన్న షరతూ ఒకే జాతివి.

ఛాందోగ్యంలో ఈ సన్నాహకాలం మరింత కఠినం. హారిద్రుమత గౌతముడు సత్యకామ జాబాలికి ఉపనయనం చేసి, కృశించిన నాలుగువందల గోవులను అప్పగించాడు. అవి వేయి కానిదే తిరిగి రానని బాలుడు ప్రతిజ్ఞ చేశాడు. ప్రజాపతి వద్ద ఇంద్రుడు నూటొక్క సంవత్సరాలు బ్రహ్మచర్యం పాటించవలసి వచ్చింది. తొలి ముప్పైరెండేళ్ళకే సంతుష్టుడైన విరోచనుడు దేహాన్నే ఆత్మ అనుకొని వెళ్ళిపోయాడు.

ఇదే విచారం కాలాంతరంలో బ్రహ్మసూత్రాల తొలిపదమైన అథ శబ్దం చుట్టూ శాస్త్రచర్చగా రూపొందింది. అథ అంటే అటుపిమ్మట. దేని పిమ్మట? వేదాధ్యయనం మాత్రం చాలదని, కర్మవిచారం అనివార్యం కాదని శంకరభగవత్పాదులు నిర్ణయించి, నిత్యానిత్యవస్తువివేకం, ఇహాముత్రఫలభోగవిరాగం, శమాదిషట్కసంపత్తి, ముముక్షుత్వం అనే సాధనచతుష్టయాన్ని ప్రతిపాదించారు. కర్మవిచారానంతరమే బ్రహ్మవిచారమని రామానుజాచార్యులు సిద్ధాంతీకరించారు. ఇరువురికీ మధ్య భేదం మౌలికమైనదే. అయినా పూర్వసన్నాహం లేనిదే ప్రవేశం లేదన్న అంశంలో వివాదం లేదు. ఏది సన్నాహమన్నదే వివాదం.

ఉపనిషత్తులలోని గురుశిష్యులు ఒకే భాష మాట్లాడేవారు. సముద్రం దాటి, పర్వతం దాటి, అన్యభాషతో వచ్చినవానికి ఈ నియమం ఎలా వర్తించింది? దీనికి సమాధానం క్రీస్తుశకం ఏడవ శతాబ్దపు చైనా యాత్రికుల రచనలలో లభిస్తుంది. వారు బౌద్ధభిక్షువులు. అయితే వారు ముందుగా అభ్యసించవలసి వచ్చిన వ్యాకరణం పాణినీయం. నలందలో హేతువిద్య, శబ్దవిద్య, చికిత్సావిద్యలతో పాటు వేదాలు సైతం పఠనీయాలుగా ఉండేవని వారి రచనలే చెబుతున్నాయి. కనుక ఆ వృత్తాంతం ఏ ఒక్క సంప్రదాయానికో పరిమితమైనది కాదు.

నలందకు ద్వారం ఉంది. ద్వారం వద్ద పండితుడు ఉన్నాడు. ఇతరదేశాల నుండి వచ్చి ప్రవేశం కోరినవారిని ఆయన దుర్ఘటప్రశ్నలతో పరీక్షించేవాడని, పదిమందిలో ఏడెనిమిది మంది అక్కడి నుండే వెనుదిరిగేవారని హ్యూయన్‌త్సాంగ్ నమోదు చేశాడు. ఈ వాక్యాన్ని నలంద ప్రాభవానికి ప్రమాణంగా మనవారు తరచూ ఉదహరిస్తారు. వెనుదిరిగిన ఆ ఏడెనిమిది మంది గురించి ఎవరూ అడగరు. మంచుకొండలు దాటి, ఎడారులు దాటి వచ్చినవాడు ద్వారం నుండి ఎక్కడికి వెళ్ళాడు? చరిత్ర వారి పేర్లు భద్రపరచలేదు.

హ్యూయన్‌త్సాంగ్ స్వయంగా ఆ గండాన్ని ఎలా దాటాడో చూస్తే ద్వారపరీక్షకు మరొక పార్శ్వం కనిపిస్తుంది. అతడు చైనా నుండి నేరుగా నలందకు రాలేదు. మార్గమధ్యంలో కాశ్మీరంలో సుమారు రెండేళ్ళు ఆగాడు. అక్కడ వృద్ధుడైన ఒక ఆచార్యుని వద్ద శాస్త్రాలు విన్నాడు. గ్రంథాలకు ప్రతులు రాయటానికి రాజు ఇరవైమంది లేఖకులను ఇచ్చాడు. శీలభద్రుని ఎదుట కూర్చొనేనాటికి అతనికి ఆ సభాభాష సుపరిచితం. సమర్థునికి ద్వారం తెరుచుకున్నదని చెప్పుకుంటాం. ఆ సామర్థ్యం వెనుక కాశ్మీరరాజు ఇచ్చిన లేఖకులున్నారు, భోజనముంది, రెండేళ్ళ కాలముంది.

ఈ సత్యాన్ని స్పష్టంగా గ్రహించి, తన తరువాతి వారి కోసం ఒక విధానంగా లిఖించినవాడు ఇత్సింగ్. క్రీ.శ. 635లో జన్మించిన ఈ భిక్షువు 671లో గ్వాంగ్‌ఝౌ రేవు నుండి పారశీక నౌకలో బయలుదేరాడు. ఇరవై రోజులలోపే శ్రీవిజయానికి, అంటే నేటి సుమత్రాలోని పాలెంబాంగ్ ప్రాంతానికి చేరాడు. అక్కడ ఆరునెలలు ఆగి శబ్దవిద్యను, అనగా సంస్కృత వ్యాకరణాన్ని ఆరంభించాడు. రాజు సహాయంతో మలయు చేరి రెండు నెలలు, పిదప కెడా. అటుపైన నికోబార్ దీవుల మీదుగా 673లో తామ్రలిప్తిలో దిగాడు. అది నేటి వంగదేశపు తమ్లుక్. అక్కడి నుండి నలందకు మార్గం తెరచియే ఉంది. అతడు వెళ్ళలేదు. హ్యూయన్‌త్సాంగ్ శిష్యుడైన ఒక చైనా భిక్షువు అక్కడ కనిపించాడు. అతనితో కలిసి సుమారు ఒక సంవత్సరం తామ్రలిప్తిలోనే ఉండి సంస్కృతభాషను, శబ్దశాస్త్రాన్ని అభ్యసించాడు. ఏ శాసనమూ విధించని, ఏ రాజూ అడగని సంవత్సరం అది. తన లోటును తానే ఎరిగి తనకు తానే విధించుకున్నాడు.

తరువాతి ప్రయాణం సుగమం కాలేదు. వర్తకసమూహంతో నలందకు వెళుతుండగా దారిలో జబ్బుపడి వెనుకబడ్డాడు. దొంగలు కట్టుబట్టలు సైతం దోచుకున్నారు. తెల్లని దేహం గలవాడు దొరికితే బలి ఇస్తారని విన్నందున, ఒంటికి బురద పూసుకొని, ఆకులు చుట్టుకొని, కర్ర ఊతగా నడిచి ఆ రాత్రికి తోటివారిని చేరాడు. ఇంత కష్టపడి చేరిన నలందలో సుమారు పదేళ్ళు అధ్యయనం సాగించాడు.

స్వానుభవం నుండి అతడు రెండు సూచనలు వ్రాసిపెట్టాడు. మొదటిది భాషకు సంబంధించినది. భారతదేశంలో బాలుడు ఆరేళ్ళకు సిద్ధమాతృకతో అక్షరాలు, ఎనిమిదేళ్ళకు పాణినిసూత్రాలు, పదేళ్ళకు ధాతుపాఠాది అంగాలు, పదిహేనేళ్ళకు జయాదిత్యుని కాశికావృత్తి ఆరంభించే క్రమాన్ని వివరంగా వర్ణించి, చైనా నుండి విద్యార్థిగా వచ్చేవాడు ముందు ఈ వ్యాకరణాన్ని నేర్వకపోతే అతని శ్రమ యావత్తూ వృథా అని హెచ్చరించాడు. రెండవది స్థలానికి సంబంధించినది. శ్రీవిజయనగరంలో వేయిమందికి పైగా భిక్షువులున్నారని, వారి ఆచారనియమాలు మధ్యదేశపు నియమాలతో సమానమని, కనుక పశ్చిమానికి వెళ్ళగోరే చైనా భిక్షువు అక్కడే ఒకటి రెండేళ్ళు ఉండి సంప్రదాయాన్ని అభ్యసించి, ఆపైన భారతదేశానికి వెళ్ళటం మేలని సలహా ఇచ్చాడు. భాష, అధ్యయనరీతి, ఆచారపరిచయం, ఒకటి లేక రెండేళ్ళ కాలావధి, గమ్యానికి ముందు ఒక నిర్ణీత విడిది: నేటి ఫౌండేషన్ ఇయర్‌లో ఉన్న అంగాలన్నీ ఈ సలహాలో ఉన్నాయి.

తిరుగుప్రయాణంలో ఇత్సింగ్ సుమారు ఐదు లక్షల శ్లోకపరిమితిగల నాలుగువందల గ్రంథాలు మోసుకొని మళ్ళీ శ్రీవిజయంలోనే ఆగి అనువాదాలు సాగించాడు. 695లో లోయాంగ్ చేరినప్పుడు సామ్రాజ్ఞి స్వయంగా ఎదురువచ్చింది. ఆ వైభవం కంటె జిజ్ఞాసువుకు విలువైనది మరొకటి. వేయి అక్షరాల సంస్కృత-చైనీయ పదసంగ్రహం ఒకటి అతని పేర ప్రసిద్ధం. శిఖరం చేరినవాడు తరువాత వచ్చేవారి కోసం మొదటిమెట్టు కట్టటానికి కూర్చున్నాడు.

ఆంధ్రదేశం ఈ కథలో ప్రేక్షకస్థానంలో లేదు. ఇత్సింగ్‌కు నాలుగువందల ఏళ్ళ ముందే, ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, నేటి నాగార్జునకొండలో, సింహళవిహారం ఉండేది. వీరపురుషదత్తుని పద్నాలుగవ పాలనావర్షంలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం తామ్రపర్ణి ఆచార్యులను స్మరిస్తూ, కాశ్మీర, గాంధార, చీన, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రమిళాది దేశాల పేర్లు వరుసగా చెబుతుంది. పరదేశం నుండి వచ్చినవారికి వారి సంప్రదాయం పేరిటే ఒక నివాసం కృష్ణాతీరంలో నిలిచింది. దాతల పట్టికలో రాజకుటుంబపు స్త్రీలతో పాటు ఒక సామాన్య ఉపాసిక ఉండటం ఆనాటి సమాజానికి భూషణం.

హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకానికి వచ్చినప్పుడు జరిగిన సంఘటన మరింత ముఖ్యమైనది. సుమారు 640 ప్రాంతంలో అతడు ఆంధ్రదేశం ప్రవేశించేనాటికి నలంద పట్టా పుచ్చుకున్న మహాపండితుడు. ధాన్యకటకంలో మహాసాంఘిక త్రిపిటకంలో నిష్ణాతులైన సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులు అతనికి పరిచయమయ్యారు. వారి వద్ద అతడు కొన్ని మాసాలపాటు మహాసాంఘిక అభిధర్మం చదివాడు. అదే కాలంలో వారిద్దరూ అతని వద్ద మహాయాన శాస్త్రాలు చదివారు. పిదప ముగ్గురూ కలిసి తీర్థయాత్రకు బయలుదేరారని జీవితచరిత్రకారుడు చెబుతాడు. ద్వారపండితుడు లేడు, పరీక్ష లేదు. గురువెవరో శిష్యుడెవరో పూట పూటకూ మారే సహవాసం. నలంద ద్వారకథ మన పాఠ్యపుస్తకాలకెక్కింది. అమరావతిలోని ఈ కొన్ని మాసాలు ఎక్కలేదు.

ఇంతవరకు దూరం దాటివచ్చే భారం ప్రధానంగా విద్యార్థిదే. అతడే సముద్రం దాటాడు, అతడే వ్యాకరణం నేర్చాడు. గురువే దూరం దాటివెళ్ళిన ఘట్టం తూర్పు కనుమలలోనే, టైడాకు ఈశాన్యంగా అదే కొండవరుసలో, పర్లాకిమిడి ప్రాంతంలో సంభవించింది.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగక్షేత్ర సమీపంలోని పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. పరిసరాలలోని కొండలు సవరలవి. వారి భాష తెలుగుకు గాని ఒడియాకు గాని బంధువు కాదు. ముండా కుటుంబానికి చెందినది. సవరల పిల్లలకు చదువు చెప్పాలన్న సంకల్పం కలిగినప్పుడు ఆయన ముందు సుగమమైన మార్గం ఒకటి ఉన్నది: తెలుగు వాచకం చేతికిచ్చి, అర్థం కానివాడు మందమతి అని నిర్ణయించటం. ఆ కాలంలో అది తప్పుగా తోచేది కాదు. ఈ కాలంలోనూ అంతగా తోచదు. గిడుగు మరొక మార్గం ఎన్నుకున్నారు. తెలుగు తెలిసిన ఒక సవరను తన ఇంటిలోనే ఉంచుకొని, తానే శిష్యుడై సవర నేర్చుకోవటం ఆరంభించారు. అప్పటికి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. వినటం ఒక్కటే సాధనం. ఆచారవంతమైన బ్రాహ్మణగృహంలో కొండవాసికి ఆతిథ్యమిచ్చి అతని ఎదుట విద్యార్థిగా కూర్చోవటం ఆనాటి సమాజంలో ఎటువంటి సాహసమో ఊహించవచ్చు.

ఆ సన్నాహం ఒక సంవత్సరంతో ముగియలేదు, దశాబ్దాలు సాగింది. సవరపదాలు, కథలు, పాటలు సేకరించారు. సవరలో వాచకాలు వ్రాశారు. సొంత ఖర్చుతో బడులు నడిపారు. సవర బాలురను చదివించి వారినే ఉపాధ్యాయులుగా నిలిపారు. 1911లో ఆయన సవర పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపితే స్వీకరించక, ఆ ధనంతో సవరల కోసం ఒక మంచి బడి పెట్టమని కోరారు. సవరభాషా వ్యాకరణం 1931లో వెలువడింది. సవర-ఇంగ్లీషు కోశం 1938లో. కొండలలోని ఆ సంచారాలలో మలేరియా సోకింది. క్వినైను వాడకం వలన ఆయన వినికిడి శక్తి శాశ్వతంగా క్షీణించింది. లిపిలేని భాషను చెవితో పట్టుకొని కాగితంపై నిలిపినవానికి ఆ చెవులే దూరమయ్యాయి.

తెలుగువారు గిడుగును వ్యావహారికభాషోద్యమకారునిగా స్మరించి ఆయన జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఆయన సవరసేవ ఆ స్మరణలో ఒక ఉపకథగా మిగిలింది. క్రమం చూస్తే విషయం వేరుగా ఉంది. సవరల భాషపై ఆయన కృషి ముందు ఆరంభమైంది. తెలుగు బాలునికి సైతం గ్రాంథికం ఒక పరభాషే అన్న వాదం తరువాత వచ్చింది. సవర బాలుని నోటి మాట బడిలోకి రావటానికి పాటుపడిన ఉపాధ్యాయునికి తెలుగు బాలుని అవస్థ కనిపించటంలో ఆశ్చర్యం లేదు. పురాణపరిచయం ఉన్నవారికి ఇక్కడ స్కాందపురాణంలోని పురుషోత్తమమాహాత్మ్యం స్ఫురించక మానదు: ఇంద్రద్యుమ్నుని పనుపున వెళ్ళిన విద్యాపతి నీలమాధవుని దర్శించినది శబరుడైన విశ్వావసువు ఇంటికి అతిథిగా వెళ్ళి, అతడు చూపిన దారిన నడిచే.

గిడుగు 1940 జనవరి 22న దివంగతులయ్యారు. ఆయన మార్గం రాజ్యవిధానంగా మారటానికి ఆరుదశాబ్దాలు పట్టింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాతృభాషాధారిత బహుభాషావిద్యను గిరిజన పాఠశాలలలో ఆరంభించింది. గోండి, కోలామి, కోయ, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషలలో తెలుగులిపిలోనే వాచకాలు సిద్ధమయ్యాయి. చివరి నాలుగూ ఈ తూర్పు కనుమలవే. బాలుడు మొదట ఇంటిభాషలో చదువు ఆరంభించి, క్రమంగా తెలుగులోకి దాటాలి. వాచకాలలోని కథలూ పాటలూ ఆ సముదాయాల పెద్దల నుండి సేకరించినవి. నగరవాసికి సహజంగా తోచే బొమ్మల స్థానంలో కొండపంట, సంత, పండుగ చోటుచేసుకున్నాయి. పిప్పలాదుని పరిభాషలో చెప్పదగినదేమంటే, ఇది ఆశ్రమానికి వచ్చిన శిశువుకు విధించిన నిరీక్షణ కాదు. ఆశ్రమమే నేర్చుకోవలసిన పాఠం.

విధానం ఒకటి, ఆచరణ మరొకటి. కువి తెలిసిన ఉపాధ్యాయుడు బదిలీ అయితే కువి వాచకం అలమరలోకి పోతుంది. ఒకే తరగతిలో మూడు ఇంటిభాషల పిల్లలు కూర్చుంటే ఏ వాచకం తెరవాలన్నది ప్రశ్న. తల్లిదండ్రులలో కొందరు ఇంటిభాష ఇంట్లోనే నేర్పగలం, బడి ఇంగ్లీషు నేర్పాలని కోరతారు. మైదానంలోని సంపన్నుడు తన సంతానానికి కోరేదీ అదే కనుక వారిని ఆక్షేపించటానికి ఎవరికీ అధికారం లేదు. 2019లో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం నెలకొన్నది. టైడా నుండి కొండదిగి అక్కడికి చేరే యువకుడు ఇంటిభాష, తెలుగు, ఇంగ్లీషు అనే మూడు ద్వారాలు దాటి ఉంటాడు. లండనులో ఫౌండేషన్ ఇయర్ చదివే తెలుగు విద్యార్థికి ఎదురయ్యేది వాటిలో చివరిదైన ఒక్క ఇంగ్లీషు ద్వారమే. అందుకు అతనికి ఒక సంవత్సరం, ఒక పాఠ్యక్రమం, ఒక పేరు ఉన్నాయి.

ఎనిమిది భాషల పట్టికలో గదబ లేదు. గదబలు అందరూ ఒకే భాష మాట్లాడరు కూడా: గుతోబ్ మాట్లాడే శాఖది సవర వలె ముండా కుటుంబం, ఒల్లారి మాట్లాడే శాఖది తెలుగు వలె ద్రావిడ కుటుంబం. ఆ పట్టికలో పోర్జ కూడా లేదు. అరకు, అనంతగిరి బడులలో ఈ ఇళ్ళ పిల్లలు నేటికీ మొదటిరోజున తెలుగు వాచకమే తెరుస్తున్నారు.